జాతీయ లాటరీ డబ్బు మంచి పనులకు: బ్రిటన్ పద్ధతి నుంచి ఏం నేర్చుకోవాలి?

లెస్టర్ సత్యం (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. మా పిల్లల తెలుగు బడి నడిచే కమ్యూనిటీ హాలు గుమ్మం పక్కన ఒక చిన్న పలక ఉంది. మెలేసిన రెండు వేళ్ళ బొమ్మ, దాని పక్కన నేషనల్ లాటరీ పేరు. హాలు పైకప్పు బాగుచేయడానికి, వీల్‌చెయిర్ ఎక్కే ర్యాంపు కట్టడానికి డబ్బు అక్కడి నుంచే వచ్చింది. బ్రిటన్‌లో ఉంటున్నవాళ్ళు ఈ గుర్తును పార్కుల్లో, మ్యూజియంలలో, ఆటస్థలాల్లో చూసే ఉంటారు.

ఇక్కడ మొదటి డ్రా 1994 నవంబర్ 19న తీశారు. అప్పటి నుంచి 5,000 కోట్ల పౌండ్లకు పైగా మంచి పనులకు వెళ్ళింది, 7 లక్షలకు పైగా గ్రాంట్లు ఇచ్చారు. ఇంత డబ్బు ఎవరి జేబులోంచి వస్తోంది, ఎవరు పంచుతున్నారు, మధ్యలో నడిపే కంపెనీకి ఎంత మిగులుతోంది అనేది టికెట్ కొనేవాళ్ళలో చాలామంది పట్టించుకోరు. మనం పట్టించుకుందామని ఈ చర్చ పెడుతున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. లాటరీని అనుమతించాలని ఒక దేశం నిర్ణయించుకున్నాక, టికెట్లు అమ్మేవాళ్ళు, వాళ్ళ మీద కన్నేసి ఉంచేవాళ్ళు, వచ్చిన డబ్బు పంచేవాళ్ళు ముగ్గురూ వేర్వేరుగా ఉండాలి. ఈ ముగ్గురిలో ఏ ఇద్దరు కలిసిపోయినా నష్టపోయేది జనమే. గ్రాంటుకు దరఖాస్తు పెట్టినవాళ్ళు, షాపులో టికెట్లు అమ్మిన అనుభవం ఉన్నవాళ్ళు తప్పకుండా రాయండి.


కార్డిఫ్ శైలజ

సత్యం గారూ, మంచి విషయం ఎత్తారు. నేను ఒక చారిటీలో లెక్కలు చూస్తాను కాబట్టి డబ్బు దారి చెబుతాను.

మొదట్లో టికెట్ ఒక పౌండు. అందులో సుమారు 50 పెన్స్ బహుమతులకు, 28 మంచి పనులకు, 12 ప్రభుత్వానికి పన్ను, 5 షాపుకు కమిషన్, మిగతా 5 కంపెనీ ఖర్చులకు, లాభానికి. ఇప్పుడు బహుమతుల వాటా పెరిగింది, మంచి పనుల వాటా తగ్గింది. ఈ మధ్య సంవత్సరాల్లో అమ్మకాలు ఏటా సుమారు 800 కోట్ల పౌండ్లు ఉంటే, మంచి పనులకు వెళ్ళింది సుమారు 180 కోట్లు. అంటే పౌండుకు 22, 23 పెన్స్. 12 శాతం పన్ను మాత్రం అలాగే ఉంది. గెలిచినవాళ్ళు మళ్ళీ ఆదాయపు పన్ను కట్టక్కర్లేదు, పన్ను అంతా టికెట్ దగ్గరే అయిపోతుంది.

మంచి పనుల డబ్బు కంపెనీ దగ్గర ఉండదు. సంస్కృతి, మీడియా, క్రీడల శాఖ చూసే ఒక ప్రత్యేక నిధిలోకి వెళ్తుంది. అక్కడి నుంచి 40 శాతం కమ్యూనిటీ ఫండ్‌కు, 20 శాతం కళలకు, 20 శాతం క్రీడలకు, 20 శాతం వారసత్వ సంపదకు. ఆర్ట్స్ కౌన్సిళ్ళు, హెరిటేజ్ ఫండ్, యూకే స్పోర్ట్ లాంటి సంస్థలు ఆ వాటాలను గ్రాంట్లుగా ఇస్తాయి. ఏ రంగానికి ప్రాధాన్యం ఇవ్వాలో మంత్రి మార్గదర్శకాలు ఇవ్వొచ్చు గానీ, ఫలానా సంస్థకు ఇంత ఇవ్వండి అని ఫోన్ చేసి చెప్పే అధికారం లేదు. మన దగ్గర ఎమ్మెల్యే సిఫారసు ఉత్తరం పట్టుకుని తిరగడం అలవాటైన వాళ్ళకు ఈ తేడా వెంటనే అర్థమవుతుంది.


ఇందూరు శ్రీను

మీరందరూ డబ్బు ఎలా పంచాలో మాట్లాడుతున్నారు. అది ఎలా వచ్చిందో ముందు మాట్లాడాలి అన్నా.

నేను నిజామాబాద్‌లో పెరిగిన. చిన్నప్పుడు మా బస్టాండు పక్క సందులో లాటరీ దుకాణాలు వరసగా ఉండేవి. గోడకు నల్ల పలక, దాని మీద సుద్దముక్కతో ఆ పూట వచ్చిన నెంబరు రాసేవాళ్ళు. రిక్షా తొక్కేవాళ్ళు, హమాలీలు ఆ పలక ముందు మెడలెత్తి నిలబడేవాళ్ళు. నెంబరు రాయంగనే కింద అంతా చింపిన టికెట్లు. మా నాయన పొద్దంతా సంపాదించింది అక్కడ పెట్టి ఉత్త చేతులతో వచ్చేటోడు. మా అమ్మ బీడీలు చుట్టి ఇల్లు నడిపింది. ఆ టికెట్ల మీద కూడా ఏదో రాష్ట్ర ప్రభుత్వం ముద్ర ఉండేది. ఆ రాష్ట్రంలో ఆ డబ్బుతో బడులు కట్టారేమో నాకు తెల్వదు. మా ఇంట్లో మాత్రం నా బడి ఫీజు కట్టలేదు.

పేదోడి దగ్గర తీసుకుని, ఉన్నోళ్ళు సంగీత నాటకాలు చూసే ఒపెరా హౌసుకు ఇస్తే అది మంచి పని ఎట్లయితది?


బందరు భాస్కరరావు

శ్రీను గారూ, మీరు చూసింది సింగిల్ డిజిట్ లాటరీ. అంటే చివరి ఒక్క అంకె మీద పందెం. రోజుకు ఎన్నోసార్లు ఫలితం. మట్కాకు దానికీ తేడా లేదు. నేను ట్రెజరీలో పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి చట్టం సంగతి కొంచెం చెబుతాను.

మన రాజ్యాంగంలో కేంద్రం, రాష్ట్రాలు నడిపే లాటరీల మీద చట్టం చేసే అధికారం కేంద్ర జాబితాలో 40వ అంశం. దాని కింద 1998లో లాటరీల నియంత్రణ చట్టం వచ్చింది. అందులో మొట్టమొదటి షరతే ఒక్క అంకె మీద, లేదా ముందే ప్రకటించిన నెంబరు మీద బహుమతి ఇవ్వకూడదని. ఇంకా ఉన్నాయి: టికెట్లు రాష్ట్ర ప్రభుత్వమే తన ముద్రతో అచ్చు వేయించాలి, అమ్మకం డబ్బు ప్రభుత్వ ఖాతాలో పడాలి, డ్రా ప్రభుత్వమే ఆ రాష్ట్రంలోనే తీయాలి, ఎవరూ అడగని బహుమతి ప్రభుత్వానికే చెందాలి, ఒక లాటరీకి వారానికి ఒక డ్రా మించకూడదు. 5వ సెక్షన్ ప్రకారం ఒక రాష్ట్రం ఇతర రాష్ట్రాల టికెట్లను తన గడ్డ మీద నిషేధించుకోవచ్చు. 1999లో సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని సమర్థించింది. తమిళనాడు 2003లో, కర్ణాటక 2007లో లాటరీలు ఆపేశాయి. మన రెండు రాష్ట్రాల్లోనూ టికెట్ల అమ్మకం లేదు.

అయితే ఈ చట్టం మొత్తం చదివితే ఒక లోటు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వచ్చిన డబ్బు దేనికి ఖర్చుపెట్టాలో అందులో ఒక్క ముక్క లేదు. ఖజానాలో పడాలి, అంతే. ఖజానాలో పడ్డాక ఆ రూపాయి జీతాలకు వెళ్ళిందో, అప్పు మీద వడ్డీకి వెళ్ళిందో ఎవరూ వేలు పెట్టి చూపలేరు. బ్రిటన్ 1993 చట్టంలోనే కళలు, క్రీడలు, వారసత్వం, చారిటీలు, కొత్త సహస్రాబ్ది పనులు అని ఐదు గళ్ళు గీసి పెట్టింది. నా దృష్టిలో అసలు తేడా అక్కడుంది.


షాపు రమణ, బర్మింగ్‌హామ్

నేను చదువుకునే రోజుల నుంచీ ఒక కన్వీనియన్స్ స్టోర్‌లో పార్ట్‌టైమ్ చేస్తున్నాను. కౌంటర్ లోపల నుంచి కనిపించేది చెబుతాను.

డ్రా టికెట్లు కొనేవాళ్ళు ఒక రకం. బుధవారం, శనివారం వస్తారు, పిల్లల పుట్టినరోజు నెంబర్లు రాసుకున్న పాత స్లిప్పు మడత విప్పి ఇస్తారు, ఒక టికెట్ తీసుకుని వెళ్ళిపోతారు. స్క్రాచ్‌కార్డుల వాళ్ళు వేరు. కార్డు తీసుకుని కౌంటర్ పక్కనే నిలబడి నాణెంతో గీకుతారు. 5 పౌండ్లు వస్తే ఆ డబ్బు చేతికి తీసుకోరు, ఇంకో కార్డు ఇవ్వమంటారు. అదీ పోతే బ్యాంకు కార్డు తీసి మళ్ళీ చెల్లిస్తారు. కౌంటర్ మీద ఆ బూడిదరంగు పొడి తుడిచేది మేమే. నెలాఖరులో కరెంటు మీటరు టాప్-అప్ చేయించుకోవడానికి వచ్చి, ఆ చిల్లరతో కార్డు కొనేవాళ్ళను చూస్తుంటే నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది. వద్దని చెప్పే హక్కు నాకు లేదు.

షాపుకు డ్రా టికెట్ మీద 5 శాతం కమిషన్, స్క్రాచ్‌కార్డు మీద ఇంకాస్త ఎక్కువ. అందుకే ఓనర్లు కార్డుల పెట్టెను బిల్లింగ్ దగ్గర కళ్ళకు ఎదురుగా పెడతారు.

వయసు విషయంలో మాత్రం కచ్చితంగా ఉంటారు. ఇంతకుముందు 16 ఏళ్ళకే అమ్మేవాళ్ళు, 2021 నుంచి 18. చిన్నగా కనిపిస్తే ఐడీ అడగాల్సిందే. కొనడానికి వచ్చినవాళ్ళు నిజంగా కొనేవాళ్ళో, మమ్మల్ని పరీక్షించడానికి పంపినవాళ్ళో మాకు తెలియదు. ఆ టెన్షన్ ఎప్పుడూ ఉంటుంది, ఉండాలి కూడా.


ఇందూరు శ్రీను

రమణా, నువ్వు రాసింది చదువుతుంటే మా సందే గుర్తొచ్చింది తమ్ముడూ. ఊరు మారింది, పలక పోయి కార్డు వచ్చింది.


కార్డిఫ్ శైలజ

రమణ చెప్పినదానికి లెక్కల వైపు నుంచి ఒక మాట. డ్రా టికెట్ కొంటే మంచి పనులకు సుమారు మూడో వంతు దాకా వెళ్తుంది. స్క్రాచ్‌కార్డులో అది పదో వంతు దగ్గరే. కార్డుల్లో బహుమతుల శాతం ఎక్కువ పెట్టడం వల్ల అలా అవుతుంది. అంటే ఎక్కువ హాని చేసే ఆట నుంచే మంచి పనులకు తక్కువ డబ్బు.

2017 చివర్లో ఇక్కడి నేషనల్ ఆడిట్ ఆఫీస్ దీని మీద నివేదిక ఇచ్చింది. 2009-10 నుంచి 2016-17 మధ్య అప్పటి నిర్వాహక కంపెనీ కామెలాట్ లాభం 122 శాతం పెరిగితే, మంచి పనులకు వెళ్ళిన డబ్బు 2 శాతమే పెరిగింది. ఎవరూ దొంగతనం చేయలేదు. లైసెన్సులో రాసుకున్న సూత్రమే అలా ఉంది. జనం డ్రాల నుంచి కార్డుల వైపు మళ్ళితే కంపెనీకి ఏ నష్టమూ లేదు, తగ్గేది చారిటీల వాటా. దొంగను పట్టుకోవడం ఒక్కటే నియంత్రణ అనుకుంటే ఇలాంటివి తప్పించుకుపోతాయి. కంపెనీకి లాభం ఏ మెట్టు దగ్గర పుడుతుందో లైసెన్సు రాసేటప్పుడే చూడాలి.

2024 ఫిబ్రవరి 1 నుంచి ఆల్విన్ అనే కంపెనీ చేతికి వెళ్ళింది, పదేళ్ళ లైసెన్సు. ఇందులో కంపెనీ లాభాన్ని మంచి పనుల రాబడితో ముడిపెట్టామని నియంత్రణ సంస్థ చెబుతోంది. లైసెన్సు గడువు ముగిసేలోపు వారానికి 3 కోట్ల పౌండ్ల నుంచి 6 కోట్లకు పెంచుతామని ఆల్విన్ మాట ఇచ్చింది. 6 కోట్లు రావాలంటే ఎవరో ఒకరు ఎక్కువ టికెట్లు కొనాలి కదా. వాళ్ళు ఎవరు, ఏ ఆట కొంటారు అన్నది ఏటేటా బయటపెట్టాలని నేను గట్టిగా కోరుకుంటాను.


మిల్టన్ కీన్స్ మురళి

సత్యం గారు "ముగ్గురూ వేరుగా ఉండాలి" అన్నారు కదా, దానికి ఇక్కడి చరిత్రే సాక్ష్యం.

మొదట్లో నియంత్రణ అంతా ఆఫ్‌లాట్ అనే చిన్న ఆఫీసు, దానికి ఒక్క డైరెక్టర్ జనరల్, పీటర్ డేవిస్. కామెలాట్‌లో వాటాదారు అయిన జీటెక్ అనే అమెరికన్ కంపెనీ విమానాల్లో ఆయన అమెరికాలో ఉచితంగా ప్రయాణించారని బయటపడింది. ఆ తర్వాత 1998 ఫిబ్రవరిలో వర్జిన్ సంస్థల అధిపతి రిచర్డ్ బ్రాన్సన్‌కూ, జీటెక్ అధినేత గై స్నోడెన్‌కూ మధ్య పరువునష్టం కేసులు తేలాయి. లాటరీ పోటీ నుంచి తప్పుకోమని స్నోడెన్ తనకు లంచం ఇవ్వజూపారన్నది బ్రాన్సన్ మాట. జ్యూరీ బ్రాన్సన్ పక్షాన నిలిచింది. ఆ వెంటనే డేవిస్ రాజీనామా చేయాల్సి వచ్చింది.

ఒక్క మనిషి చేతిలో పెట్టకూడదని 1999లో నేషనల్ లాటరీ కమిషన్ పెట్టారు. ఆ మరుసటి ఏడాదే అది ఇరుక్కుంది. రెండో లైసెన్సుకు వచ్చిన రెండు దరఖాస్తులూ సరిపోలేదని చెప్పి, బ్రాన్సన్ సంస్థతో మాత్రమే మాట్లాడతామంది. కామెలాట్ హైకోర్టుకు వెళ్ళింది, అది న్యాయం కాదని కోర్టు చెప్పింది. కమిషన్ అధ్యక్షురాలు తప్పుకున్నారు. చివరికి 2000 డిసెంబర్‌లో లైసెన్సు మళ్ళీ కామెలాట్‌కే. 2013లో కమిషన్‌ను గ్యాంబ్లింగ్ కమిషన్‌లో కలిపేశారు.

ఇంకో సంగతి మనవాళ్ళకు ఆసక్తిగా ఉంటుంది. 2007లో మూడో లైసెన్సుకు కామెలాట్ మీద పోటీకి వచ్చిన ఒకే ఒక్క కంపెనీ మన దేశానిది, సుగల్ అండ్ దమానీ. అప్పుడూ కామెలాటే గెలిచింది. అలా దాదాపు ముప్ఫై ఏళ్ళు ఒకే కంపెనీ నడిపింది. దేశమంతా షాపుల్లో టికెట్లు ఇచ్చే టెర్మినళ్ళు పెట్టినవాడిని కదిలించడం కష్టం. కొత్తవాళ్ళు కోట్లు ఖర్చుపెట్టి పోటీకి రావాలి, ఓడితే కోర్టుకు వెళ్ళాలి. పోటీ బాగుండాలంటే టెర్మినళ్ళు, ఆట పేర్లు, ఆటగాళ్ళ వివరాలు కంపెనీవి కాకుండా లైసెన్సుతో పాటు చేతులు మారేలా రాసుకోవాలని నా అభిప్రాయం.

శిక్షల విషయానికొస్తే, పాడైన టికెట్‌తో 25 లక్షల పౌండ్లు కొట్టేసిన కేసులో కామెలాట్‌కు 2016లో 30 లక్షల పౌండ్ల జరిమానా వేశారు. మోసం చేసినవాడికి 2019లో తొమ్మిదేళ్ళ జైలు. సొంత ఉద్యోగి చేయి ఉన్న మోసం అది. వందల కోట్ల వ్యాపారానికి 30 లక్షలు పెద్ద దెబ్బ కాదు.


వైజాగ్ లక్ష్మి

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా బాబాయికి ఫోన్‌లో మెసేజ్ వచ్చింది, యూకే నేషనల్ లాటరీలో 5 లక్షల పౌండ్లు తగిలాయని. పాస్‌పోర్టు కాపీ పంపమన్నారు, ఇప్పుడు ప్రాసెసింగ్ ఫీజు కట్టమంటున్నారు. రిజర్వ్ బ్యాంకు సర్టిఫికెట్ అని ఒక కాగితం కూడా పంపారు. ఆయన ఎఫ్‌డీ తీసేస్తానంటున్నారు. మీరంతా ఈ లాటరీ నిజమే అంటున్నారు కదా, మరి ఇది?


బందరు భాస్కరరావు

అమ్మా, పైసా కట్టనివ్వకండి. లాటరీ నిజం, ఆ మెసేజ్ అబద్ధం. టికెట్ కొనని మనిషికి బహుమతి రాదు. ఆ లాటరీ ఆన్‌లైన్‌లో ఆడాలన్నా బ్రిటన్‌లోనో ఐల్ ఆఫ్ మ్యాన్‌లోనో ఉంటూ ఉండాలి. పైగా మన విదేశీ మారకద్రవ్య నిబంధనల ప్రకారం, 2000 నుంచీ, లాటరీ టికెట్ కొనడానికి ఇక్కడి నుంచి విదేశాలకు డబ్బు పంపడమే నిషేధం. రిజర్వ్ బ్యాంకు ఎవరికీ లాటరీ సర్టిఫికెట్లు ఇవ్వదు, ఇలాంటి మోసాల గురించి అదే చాలాసార్లు హెచ్చరించింది. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి. పాస్‌పోర్టు కాపీ పంపేసి ఉంటే ఆ మాట కూడా చెప్పండి. ఎఫ్‌డీ ఉన్న బ్యాంకు మేనేజరుతో ఈరోజే మాట్లాడండి, పెద్దాయన ఒక్కరే వెళ్ళి తీయించుకోకుండా.


వైజాగ్ లక్ష్మి

చాలా థాంక్స్ భాస్కరరావు గారూ. ఇప్పుడే మా బాబాయిని పక్కన కూర్చోబెట్టుకుని 1930కి ఫోన్ చేయిస్తున్నాను.


మోడరేటర్

ఒక మనవి. ఈ చర్చలో లాటరీ టికెట్ల లింకులు, "మా దగ్గర కేరళ టికెట్ దొరుకుతుంది" లాంటి పోస్టులు పెట్టొద్దు. అలాంటివి వచ్చాయి, తీసేశాను. కేరళ బయట ఆ టికెట్లు అమ్మడానికి వీల్లేదు.


కొచ్చి తెలుగోడు

కేరళ పేరు వచ్చింది కాబట్టి. నేను ఎర్నాకుళంలో ఉద్యోగం చేస్తున్నాను. ఇక్కడ లాటరీ రోజువారీ జీవితంలో భాగం. కాళ్ళు లేనివాళ్ళు మూడు చక్రాల బండి మీద టికెట్లు గుదిగుచ్చి అమ్ముతుంటారు, టీ కొట్టు దగ్గర ముసలివాళ్ళు చేతిలో కట్ట పట్టుకుని తిరుగుతుంటారు. అమ్మేవాళ్ళకు సంక్షేమ నిధి ఉంది. కేరళ లాటరీని 1967లో మొదలుపెట్టి 1968 జనవరి 26న మొదటి డ్రా తీశారు. టికెట్ రూపాయి, మొదటి బహుమతి 50 వేలు. ఇప్పుడు ఓణం బంపర్ 25 కోట్లు.

భాస్కరరావు గారు చెప్పిన వారానికో డ్రా షరతును ఇక్కడ ఎలా దాటారో చూడండి. ఒక్కో రోజుకు ఒక్కో పేరుతో వేరే లాటరీ. ఒక్కో లాటరీకి వారానికి ఒకే డ్రా కాబట్టి చట్టం ప్రకారం సరిగ్గానే ఉంది, కానీ డ్రా మాత్రం ప్రతి రోజూ ఉంటుంది. పైగా 2025 సెప్టెంబర్ నుంచి లాటరీ మీద జీఎస్‌టీ 28 నుంచి 40 శాతానికి పెరిగింది, గెలిచినవాళ్ళు 30 శాతం ఆదాయపు పన్ను కట్టాలి.

ఇందులో నాకు నిజంగా నచ్చింది కారుణ్య. 2011లో ఆ పేరుతో లాటరీ పెట్టి, దాని రాబడితో క్యాన్సర్, కిడ్నీ, గుండె జబ్బులు, రక్తం సరిగా గడ్డకట్టని హీమోఫీలియా ఉన్న పేదలకు చికిత్స ఖర్చు ఇచ్చే నిధి పెట్టారు. డయాలసిస్ కోసం వారం వారం ఆసుపత్రికి వెళ్ళే మా పక్కింటాయనకు ఆ నిధి నుంచే సాయం అందింది. ఫలానా టికెట్ డబ్బు ఫలానా పనికి అని చెప్పగలిగిన సందర్భం అది. తర్వాత దాన్ని పెద్ద ఆరోగ్య బీమా పథకంలో కలిపేశారు. కలిపాక ఆ గీత చెరిగిపోయింది. ఇక్కడ అమ్మేదీ ప్రభుత్వమే, పర్యవేక్షించేదీ ప్రభుత్వమే, ఖర్చుపెట్టేదీ ప్రభుత్వమే. సత్యం గారు అడిగిన వేర్పాటు ఇక్కడ లేదు. కాకపోతే మధ్యలో లాభం తీసుకునే కంపెనీ కూడా లేదు.


లెస్టర్ సత్యం

కొచ్చి గారూ, మీరు చెప్పిన "గీత చెరిగిపోవడం" బ్రిటన్‌లోనూ జరిగింది. దాని గురించి రాయకుండా ఉండలేను.

లాటరీ డబ్బు ప్రభుత్వం చేయాల్సిన ఖర్చుకు బదులుగా వాడకూడదు, దానికి అదనంగా ఉండాలి అన్నది మొదటి నుంచీ ఇక్కడి నియమం. 1998లో కొత్త ప్రభుత్వం ఆరోగ్యం, చదువు, పర్యావరణం కోసం న్యూ ఆపర్చునిటీస్ ఫండ్ అని ఆరో గడి గీసింది. బడి అయ్యాక పిల్లలను చూసే క్లబ్బులు, క్యాన్సర్ పరికరాలు దాని కిందకు వచ్చాయి. పనులు మంచివే. కానీ ఆసుపత్రి పరికరాలు కొనాల్సింది పన్నుల డబ్బుతో. 2000 సంవత్సరం వేడుకలకు లండన్‌లో కట్టిన మిలీనియం డోమ్‌కు 60 కోట్ల పౌండ్ల పైన పోసినప్పుడు జనానికి కోపం వచ్చింది. 2012 లండన్ ఒలింపిక్స్‌కు సుమారు 220 కోట్ల పౌండ్లు లాటరీ నుంచే తీసుకున్నారు. బడ్జెట్ పెరిగినప్పుడు 2007లో అదనంగా 67.5 కోట్లు లాగారు, ఒలింపిక్ పార్కు భూములు అమ్మాక తిరిగి ఇస్తామన్నారు. ఆ ఏళ్ళలో చిన్న చారిటీలకు రావలసినది తగ్గింది.

ప్రభుత్వానికి డబ్బు అవసరమైన ప్రతిసారీ ఈ నిధి పెరట్లో కాసిన చెట్టులా కనిపిస్తుంది. చేయి చాస్తే అందుతుంది, పన్ను పెంచారన్న మాట పడక్కర్లేదు. అందుకే చట్టంలో శాతాలు రాసి ఉండటం, పంచే సంస్థ మంత్రికి దూరంగా ఉండటం నాకు అంత ముఖ్యం.


మిల్టన్ కీన్స్ మురళి

ఒలింపిక్స్ విషయంలో మీతో పూర్తిగా ఏకీభవించను సత్యం గారూ. 1996 అట్లాంటాలో బ్రిటన్‌కు ఒకే ఒక్క బంగారు పతకం, పట్టికలో 36వ స్థానం. 1997 నుంచి లాటరీ డబ్బు క్రీడాకారుల శిక్షణకు, కోచ్‌లకు ఇవ్వడం మొదలైంది. 2000 సిడ్నీలో 11 బంగారు పతకాలు, 2012లో 29. మధ్యతరగతి పిల్లవాడు ఉద్యోగం మానేసి పొద్దున్నే ప్రాక్టీసుకు వెళ్ళగలగడం ఈ డబ్బు వల్లే. మన దగ్గర ఎంతమంది ఆటగాళ్ళ తల్లిదండ్రులు పొలం అమ్మి పంపిస్తున్నారో చూడండి.


ఇందూరు శ్రీను

మురళి అన్నా, పతకాలు చూసి అందరం చప్పట్లు కొడతాం. నేను ఒకటే అడుగుతున్న. ఆ షాపులో మీటరు చిల్లరతో కార్డు గీకిన మనిషి ఉండే వాడకు తిరిగి ఎంత వచ్చింది? రాయల్ ఒపెరా హౌసుకు 7.8 కోట్ల పౌండ్లు ఇచ్చారని, మాజీ ప్రధాని చర్చిల్ కాగితాలు కొనడానికి కోటి పౌండ్లకు పైగా ఇచ్చారని నేనూ చదివిన. 1995లో బ్రిటన్ పత్రికలే తిట్టినయి. ఒపెరా టికెట్ ఎవడు కొంటడు, స్క్రాచ్‌కార్డు ఎవడు కొంటడు?

లాటరీ ఉండాలంటే, టికెట్లు ఎక్కువ అమ్ముడయ్యే పేద వాడలకు ముందు ఇంత వాటా అని చట్టంలోనే రాయాలి. అప్పుడు వింట. నాకైతే అసలు లేకపోవడమే మంచిదనిపిస్తది, అది వేరే మాట.


కార్డిఫ్ శైలజ

శ్రీను గారూ, మీ మాటలో న్యాయం ఉంది. పంచే సంస్థలు కూడా ఈ విమర్శ వినే మారాయి. మొదట్లో సొంతంగా కొంత డబ్బు సమకూర్చుకుంటేనే గ్రాంటు అనేవాళ్ళు, అంటే ఉన్నవాళ్ళకే వచ్చేది. పెద్ద పెద్ద భవనాలు లేచాయి. మా ఊరి మిలీనియం స్టేడియానికి 4.6 కోట్ల పౌండ్లు వచ్చాయి, లండన్‌లో టేట్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియం, కార్న్‌వాల్‌లో ఈడెన్ ప్రాజెక్ట్ తోటలు అలా వచ్చినవే. ఇప్పుడు సంఖ్యలో ఎక్కువ భాగం చిన్న గ్రాంట్లే. అయినా దరఖాస్తు చక్కగా ఇంగ్లీషులో రాయగలిగిన వాడకు ఎక్కువ, రాయలేని వాడకు తక్కువ వెళ్ళే అవకాశం ఇంకా ఉంది. మీరు చెప్పిన వాటా నియమం పోస్ట్‌కోడ్ వారీగా పెట్టడం అసాధ్యమేమీ కాదు. ఏ పోస్ట్‌కోడ్‌లో ఏ ఆట ఎంత అమ్ముడయిందో కంపెనీ టెర్మినల్‌కు తెలుసు. ఆ లెక్క జనం ముందు పెట్టమని అడగాలి.


రీడింగ్ స్వాతి

చిన్న గ్రాంట్ల మాట వచ్చింది కాబట్టి నా అనుభవం చెబుతాను. ఇంగ్లండ్‌లో అవార్డ్స్ ఫర్ ఆల్ అనే పథకం ఉంది. 300 నుంచి 20,000 పౌండ్ల దాకా ఇస్తారు. చిన్న సంఘాలు కూడా అడగొచ్చు.

మా దగ్గర పిల్లల దగ్గర ఉండటానికి ఆంధ్రా నుంచి, తెలంగాణ నుంచి వచ్చిన పెద్దవాళ్ళు చాలామంది ఉన్నారు. కొడుకూ కోడలూ ఆఫీసుకు వెళ్ళాక ఇంట్లో ఒంటరిగా ఉంటారు. వాళ్ళ కోసం వారానికోసారి కలిసే కార్యక్రమం అనుకున్నాం. దరఖాస్తులో మమ్మల్ని బాగా ఆలోచింపజేసిన ప్రశ్న: ఈ అవసరం ఉందని మీకెలా తెలుసు? మా సంఘం పెద్దలు మొదట "మన సంస్కృతి, మన సంప్రదాయం" అని రెండు పేరాలు రాశారు. నేను అవి పక్కన పెట్టి పెద్దవాళ్ళను కూర్చోబెట్టి అడిగాను. ఒకావిడ, డాక్టరు దగ్గర తన నొప్పి ఎక్కడో చెప్పడానికి మనవడిని తీసుకెళ్ళాల్సి వస్తోందని, ఆడవాళ్ళ సమస్య వాడి ముందు చెప్పలేక ఊరుకుంటున్నానని చెప్పింది. ఇంకొకాయన బస్సు ఎక్కితే ఎక్కడ దిగాలో అడగలేనని గుడికి వెళ్ళడమే మానేశారు. అవే రాశాం. డాక్టరు దగ్గర మాట్లాడేందుకు ఇంగ్లీషు, బస్సు ప్రయాణం నేర్పడం, కలిసి టీ తాగడం. గ్రాంటు వచ్చింది.

డబ్బు ఇచ్చాక వాళ్ళు వదిలేయరు. ఏం చేశారు, ఎంతమంది వచ్చారు, వాళ్ళకు ఏం మారింది అని అడుగుతారు. రసీదులన్నీ దాచుకోవాలి. ఇది నాకు నచ్చింది. అడిగేవాళ్ళు ఉన్నారు కాబట్టి మా సంఘం లెక్కలు కూడా బాగుపడ్డాయి.


షాపు రమణ, బర్మింగ్‌హామ్

స్వాతి అక్కా, మా ఇంటి దగ్గర అమ్మాయిలు కోలాటం గ్రూపు పెట్టుకున్నారు. చుట్టుపక్కల గుజరాతీలు, సోమాలీ పిల్లలు కూడా వచ్చి నేర్చుకుంటున్నారు. హాలు అద్దె కట్టలేక ఆగిపోయేలా ఉంది. దసరాకు గుడిలో కూడా ఆడతారు. దీనికి అడగొచ్చా?


రీడింగ్ స్వాతి

అడగొచ్చు రమణా. మత ప్రచారానికి ఇవ్వరు, కాబట్టి గుడి కార్యక్రమం ఖర్చు ఇందులో కలపకండి. వారం వారం జరిగే తరగతుల హాలు అద్దె, నేర్పేవాళ్ళ ఫీజు, కోలలు, ఇవే రాయండి. వేరే వాళ్ళ పిల్లలు వస్తున్నారన్నది మీకు పెద్ద బలం, వాళ్ళ అమ్మలను ఎందుకు పంపిస్తున్నారో అడిగి అదే రాయండి.

ముందు చూసుకోవాల్సింది కమిటీ. బంధువులు కాని ఇద్దరైనా అందులో ఉండాలి, బ్యాంకు ఖాతాకు కూడా అలాంటి ఇద్దరి ఆమోదం కావాలి. మా సంఘంలో అధ్యక్షుడు, కోశాధికారి భార్యాభర్తలు కావడంతో ఖాతాలో పేరు మార్చాల్సి వచ్చింది, బ్యాంకు దానికే చాలా రోజులు తీసుకుంది. ఆ పని ఈ వారమే మొదలుపెట్టండి. దరఖాస్తు రాశాక పంపించే ముందు నాకు చూపించండి, ప్రైవేట్ మెసేజ్ పెట్టండి.